నార్తాంప్టన్ హాఫ్‌బ్యాక్ వాల్టర్ టల్

అధ్యక్షుల వారికి, పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

వందేళ్ల కిందటి ఇంగ్లిష్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఎవరో ఒకరి గురించి చెప్పమన్నారు. స్టీవ్ బ్లూమర్ గురించి చెబితే గోల్స్ లెక్కతోనే సాయంత్రం గడిచిపోతుంది. నేను మాత్రం వాల్టర్ టల్‌ను ఎంచుకున్నాను. ఈయన ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఒక్కసారి కూడా ఆడలేదు. మొదటి డివిజన్‌లో, అంటే అక్కడి అన్నిటికంటే పై లీగులో, ఆడినవి పదంటే పదే మ్యాచ్‌లు, కొట్టినవి రెండు గోల్స్. అయినా ఈయన గురించే ఎందుకు చెప్పాలనుకున్నానో మెల్లగా మీకే తెలుస్తుంది.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. టల్ పేరు ఎక్కడ కనపడినా రెండు బిరుదులు తగిలిస్తారు. ఇంగ్లండ్‌లో మొదటి నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు అనేది ఒకటి. బ్రిటిష్ సైన్యంలో మొదటి నల్లజాతి ఆఫీసరు అనేది రెండోది. రెండూ తప్పే. టల్ పుట్టకముందే, 1881లోనే ఆండ్రూ వాట్సన్ స్కాట్లండ్ జట్టుకు కెప్టెన్‌గా లండన్ వచ్చి, ఇంగ్లండ్‌ను 6–1తో ఓడించి వెళ్లాడు. ఆఫ్రికాలోని అక్రాలో పుట్టిన ఆర్థర్ వార్టన్ 1880లలో ప్రెస్టన్ క్లబ్‌కు గోల్‌కీపర్. టల్ కంటే ముందే విల్లీ క్లార్క్ ఆస్టన్ విల్లా తరఫున మొదటి డివిజన్‌లో గోల్స్ కొట్టాడు. ఇక సైన్యం సంగతికి వస్తే, జార్జ్ బెమాండ్, డేవిడ్ క్లెమెట్సన్ అనే ఇద్దరు జమైకా యువకులు 1915లోనే ఆఫీసర్లయ్యారు. టల్‌కు ఆ హోదా వచ్చింది 1917లో.

బిరుదులు తీసేస్తే మనిషి చిన్నవాడైపోతాడని కొందరికి భయం. నాకు అలా అనిపించదు. బిరుదు పక్కన పెట్టాకే ఆయన ఏం ఆడాడు, ఎలా ఆడాడు, ఎక్కడ నిలదొక్కుకున్నాడు అనేవి కనపడతాయి. ఒక ఆటగాడి గురించి అడగాల్సిన ప్రశ్నలు అవే కదా.

వాల్టర్ 1888 ఏప్రిల్ 28న ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఫోక్‌స్టన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి డేనియల్ టల్ వడ్రంగి. బార్బడోస్ దీవి నుంచి 1876లో వచ్చి ఆ ఊళ్లో స్థిరపడ్డాడు. డేనియల్ తండ్రి అక్కడ బానిసగా బతికినవాడు. వాల్టర్ తల్లి ఆలిస్ పామర్ స్థానికురాలు, కెంట్ ప్రాంతపు అమ్మాయి. బార్బడోస్ అంటే చెరకు తోటలు. ఆ తోటల్లో బానిసలు పండించిన చక్కెరతోనే బ్రిటన్‌లో కొన్ని ఓడరేవులు బాగుపడ్డాయి. వాటిలో బ్రిస్టల్ ఒకటి. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

వాల్టర్‌కు ఏడేళ్లప్పుడు, 1895లో తల్లి పోయింది. తండ్రి ఆమె బంధువుల్లోనే క్లారా అనే ఆవిడను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 1897 డిసెంబరులో ఆయనా పోయాడు. ఇంటినిండా పిల్లలు, చేతిలో డబ్బు లేదు. క్లారా కుదిరినన్నాళ్లు నెట్టుకొచ్చింది. చివరికి వాళ్లు వెళ్లే మెథడిస్టు చర్చి పాస్టరు సలహాతో వాల్టర్‌ను, అతని అన్న ఎడ్వర్డ్‌ను 1898లో లండన్ బెత్నల్ గ్రీన్‌లోని అనాథాశ్రమానికి పంపారు. మెథడిస్టులు నడిపే ఆశ్రమం అది. సవతి తల్లి అనగానే మనకు ఒక కథ ముందే తయారుగా ఉంటుంది. ఈ కథ అది కాదు. వితంతువు చేతిలో చిల్లిగవ్వ లేని కాలం, ప్రభుత్వం వైపు నుంచి పింఛను లాంటిదేదీ లేని కాలం.

ఆశ్రమానికి ఒక పాటల బృందం ఉండేది. విరాళాల కోసం ఊరూరా తిరిగి పాడేవాళ్లు. ఎడ్వర్డ్‌ది మంచి గొంతు. 1900లో గ్లాస్గో నుంచి వార్నాక్ అనే కుటుంబం వచ్చి అతన్ని దత్తత తీసుకుంది. ఆ ఇంటాయన దంతవైద్యుడు. ఎడ్వర్డ్ కూడా ఆ చదువే చదివి దంతవైద్యుడయ్యాడు. బ్రిటన్‌లో ఆ వృత్తి చేసిన తొలి నల్లజాతి వారిలో అతనొకడు. అన్న అలా వెళ్లిపోయాక పన్నెండేళ్ల వాల్టర్ ఆశ్రమంలో ఒంటరిగా మిగిలాడు. తోబుట్టువులు ఇద్దరూ విడిపోయారే గానీ బంధం తెగలేదు. జీవితాంతం ఉత్తరాలు రాసుకున్నారు. ఈ రోజు మనకు టల్ గురించి ఇంత తెలుస్తోందంటే, ఎడ్వర్డ్ కుటుంబం ఆ కాగితాలు పారేయకుండా దాచడం ఒక ముఖ్య కారణం. ఇళ్లల్లో పాత ఉత్తరాలు ఉన్నవాళ్లు దయచేసి వాటిని చిత్తు కాగితాల వాడికి వేయకండి.

ఆశ్రమంలో వాల్టర్ ప్రింటింగ్ పని నేర్చుకున్నాడు. ఆశ్రమం జట్టులో ఫుట్‌బాల్ ఆడాడు. 1908లో తూర్పు లండన్‌లోని క్లాప్టన్ క్లబ్ అతన్ని తీసుకుంది. అది అమెచ్యూర్ క్లబ్, అంటే జీతాలుండవు. కానీ ఆట మాత్రం గట్టి ఆట. 1908–09 సీజన్లో క్లాప్టన్ ఎఫ్.ఎ. అమెచ్యూర్ కప్పుతో పాటు లండన్ సీనియర్ కప్పు, లండన్ కౌంటీ అమెచ్యూర్ కప్పు కూడా గెలిచింది. అమెచ్యూర్ కప్పు ఫైనల్‌లో స్కోరు 6–0. ఆ మార్చిలో ‘ఫుట్‌బాల్ స్టార్’ పత్రిక, ఈ సీజన్లో దొరికిన మేలిమి ఆటగాడు ఇతనేనని టల్ గురించి రాసింది.

అంత రాశాక పెద్ద క్లబ్బులు ఊరుకుంటాయా? టాటెన్‌హామ్ హాట్‌స్పర్ పిలిచింది. ఆ వేసవిలో జట్టు ఓడెక్కి అర్జెంటీనా, ఉరుగ్వే యాత్రకు వెళితే వాల్టర్‌ను వెంట తీసుకెళ్లారు. తిరిగి వచ్చాక ప్రొఫెషనల్‌గా ఒప్పందం రాసుకున్నారు. చేరినందుకు 10 పౌండ్లు, వారానికి 4 పౌండ్ల జీతం. పది పౌండ్లేనా అనకండి. అంతకు మించి ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు. ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి నాలుగు పౌండ్లే గరిష్ఠం. పైగా ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్ చేతిలో ఉంటుంది. క్లబ్ వదిలితేనే ఇంకో క్లబ్‌కు వెళ్లాలి. ఈ పద్ధతుల మీద 1909 వేసవిలో ఆటగాళ్ల యూనియన్ తిరగబడింది. సమ్మె దాకా వెళ్లింది. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లను క్లబ్ సస్పెండ్ చేస్తే, వాళ్లు ‘వెలివేసిన వాళ్ల జట్టు’ అని పేరు పెట్టుకుని ఫోటో దిగారు. టల్ ప్రొఫెషనల్ ఆటలో అడుగుపెట్టింది సరిగ్గా ఆ గొడవల మధ్యే.

ఆనాటి ఆట ఎలా ఉండేదో పిల్లల కోసం కొంచెం చెప్పాలి. గోల్‌కీపర్ కాక జట్టులో వెనక ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, మధ్యలో ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు. సబ్‌స్టిట్యూట్లు లేరు. కాలు విరిగినా పదకొండో వాడి బదులు ఇంకొకడు రాడు, మిగిలిన పది మందీ లాక్కురావాలి. బంతి తోలుది, పైన లేసులు కట్టి ఉంటాయి. వాన పడితే నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ఆ లేసు తగిలేలా తలతో కొడితే నుదురు చిట్లుతుంది. ఆఫ్‌సైడ్ కూడా ఇప్పటిలా కాదు. పాస్ అందుకునే వాడికి, గోల్‌లైనుకు మధ్య ప్రత్యర్థులు ముగ్గురు ఉండాలి. అది ఇద్దరికి తగ్గింది 1925లో. కాబట్టి ముందుకు పాస్ ఇవ్వడానికి దొరికే సమయం చాలా తక్కువ. ఒక్క క్షణం ఆలస్యమైతే ఫ్లాగ్ లేస్తుంది. టల్ ఆట అర్థం కావాలంటే ఈ సంగతి తెలియాలి.

టాటెన్‌హామ్ అప్పుడే మొదటి డివిజన్‌కు వచ్చింది. ఆ డివిజన్‌లో క్లబ్ ఆడిన మొట్టమొదటి మ్యాచ్ 1909 సెప్టెంబరులో సండర్‌లండ్ మీద. టల్‌కూ అదే మొదటి మ్యాచ్. 3–1తో ఓడిపోయారు. కొద్ది రోజులకు సొంత మైదానం వైట్ హార్ట్ లేన్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆట. నేను చెప్పిన ఆ వెలివేసిన వాళ్ల జట్టే, గొడవ సర్దుకుని వచ్చింది. 30 వేలకు పైగా జనం. మ్యాచ్ 2–2తో డ్రా అయింది. టల్‌ను పడగొట్టినందుకు టాటెన్‌హామ్‌కు పెనాల్టీ వచ్చింది.

ఆ ఆట చూసిన ఒక లండన్ విలేకరి రాసింది చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అతను మెచ్చుకున్నది వేగాన్ని కాదు, బలాన్ని కాదు. చెక్కుచెదరని నిబ్బరాన్ని. బంతి కాళ్ల దగ్గర పెట్టుకుని, డిఫెండర్ తొందరపడి తప్పు చోటికి కదిలేదాకా రెప్పపాటు ఆగి, అప్పుడు పాస్ ఇస్తాడట. ఆ పాస్ కూడా ఎంత బలంతో వెళ్లాలో అంతే బలంతో వెళుతుందట. తోటి ఆటగాళ్లలో చాలామంది కంటే ఇతను ఒక మెట్టు పైనే ఉన్నాడని తేల్చేశాడు.

ఆ రెప్పపాటు ఆగడం చూడటానికి చాలా చిన్న విషయంలా ఉంటుంది. ఆడినవాళ్లకు తెలుస్తుంది అది ఎంత కష్టమో. మీద పడుతున్న మనిషి కనపడుతుంటే బంతి వదిలించుకోవాలనే అనిపిస్తుంది. ఆగడానికి గుండె కావాలి. పైగా ఆనాటి ఆఫ్‌సైడ్ రూల్‌తో, ఎక్కువసేపు ఆగినా చెడిపోతుంది. ఆ సన్నటి సందులో ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు, కొత్తగా వచ్చినవాడు, 30 వేల మంది చూస్తుండగా ఆగగలిగాడు.

తర్వాతి నెల, అక్టోబరులో బ్రిస్టల్ సిటీతో వాళ్ల ఊళ్లో మ్యాచ్. అక్కడ ప్రేక్షకుల్లో ఒక గుంపు మ్యాచ్ పొడవునా టల్‌ను రంగు పేరుతో తిట్టింది. లండన్ చేపల బజారులో కూడా వినపడని నీచమైన భాష అని ‘ఫుట్‌బాల్ స్టార్’ విలేకరి రాశాడు. ఆ విలేకరి అక్కడితో ఆగలేదు. మైదానంలో ఫార్వర్డ్‌లందరిలో బాగా ఆడింది టల్లే అని, నడవడికలో తెల్ల ఆటగాళ్లందరికీ అతనే ఆదర్శమని ఆ పోకిరీలకు చెప్పినట్టుగా రాశాడు. 1909లో ఒక తెల్ల విలేకరి ఇంత బాహాటంగా రాయడం చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో అందరూ అలాగే ఉండేవారు, తప్పు అనిపించేది కాదు అని వాదించేవాళ్లకు ఆ వార్తే సమాధానం. తప్పని అప్పుడూ తెలుసు. పేపర్లో అచ్చయింది కూడా.

టల్ తిరగబడి కొట్టలేదు, మైదానం వదిలి పోలేదు. ఆడాడు. కానీ క్లబ్ ఏం చేసింది? కొన్ని వారాల్లో అతను మొదటి జట్టులోంచి రిజర్వ్ జట్టుకు వెళ్లిపోయాడు. 1910–11 సీజన్ కూడా దాదాపు అక్కడే గడిచింది. బ్రిస్టల్ గొడవకూ దీనికీ సంబంధం ఉందని చరిత్రకారులు చాలామంది అనుమానిస్తారు. నేనూ అలాగే అనుకుంటాను. పేపర్లు పొగుడుతున్న ఫార్వర్డ్‌ను, జట్టు నిలదొక్కుకోవడానికి తంటాలు పడుతున్న సీజన్లో రిజర్వ్‌లో కూర్చోబెట్టడానికి ఆటపరంగా నాకు కారణం కనపడదు. తిట్టినవాళ్లు గేటు టికెట్టు కొనుక్కుని మళ్లీ వచ్చారు. తిట్లు తిన్నవాడు జట్టు బయటికి పోయాడు.

సాధారణంగా టల్ కథ చెప్పేవాళ్లు ఇక్కడి నుంచి ఒక్క గెంతు వేసి యుద్ధభూమికి వెళ్లిపోతారు. అవమానం, ఆ తర్వాత వీరమరణం. మధ్యలో మూడేళ్లకు పైగా కాలం ఎగిరిపోతుంది. నేను ఈ రోజు ఇక్కడికి వచ్చింది ఆ మధ్య కాలం గురించి చెప్పడానికే.

1911 అక్టోబరులో నార్తాంప్టన్ టౌన్ క్లబ్ టల్‌ను కొనుక్కుంది. కొన్నది హెర్బర్ట్ చాప్‌మన్. ఫుట్‌బాల్ చరిత్ర చదివినవాళ్లకు ఈ పేరు చెబితే చాలు. తర్వాతి కాలంలో హడర్స్‌ఫీల్డ్‌ను, ఆర్సెనల్‌ను లీగ్ చాంపియన్లుగా చేసిన మేనేజర్ ఆయన. అప్పటికి ఇంకా కుర్ర మేనేజరు. నార్తాంప్టన్‌ను 1909లో సదరన్ లీగ్, అంటే దక్షిణాది క్లబ్బుల లీగు, విజేతగా నిలబెట్టి పేరు తెచ్చుకుంటున్నాడు. ఆయనా ఒకప్పుడు టాటెన్‌హామ్‌కు ఆడినవాడే. రిజర్వ్ జట్టులో మూల పడేసిన మనిషిలో ఏముందో చూడగలిగిన కన్ను అది.

నార్తాంప్టన్ చెప్పులు కుట్టే ఊరు. ఇంగ్లండ్ కాళ్లకు బూట్లు అక్కడే తయారయ్యేవి. ఆ క్లబ్ ఆటగాళ్లను ఇవాళ్టికీ ముద్దుగా ‘కాబ్లర్స్’ అంటే చెప్పులు కుట్టేవాళ్లు అనే పిలుస్తారు. వాళ్ల మైదానం పేరు కౌంటీ గ్రౌండ్. అది క్రికెట్ క్లబ్‌తో ఉమ్మడి మైదానం. అందుకే ఫుట్‌బాల్ ఆడేటప్పుడు ప్రేక్షకులకు మూడు వైపులే స్టాండ్లు. నాలుగో వైపు క్రికెట్ ఆడే పచ్చిక ఖాళీగా ఉండేది. బంతి అటు వెళితే ఎవరో ఒకరు పరుగెత్తి తేవాల్సిందే. వైట్ హార్ట్ లేన్ నుంచి వచ్చినవాడికి ఇది మెట్టు దిగడమే. లండన్ పేపర్లు పట్టించుకోవు, మొదటి డివిజన్ కాదు. శనివారం మధ్యాహ్నం దాకా ఫ్యాక్టరీలో తోలు కోసి, కుట్టి, తిన్నగా ఆటకు వచ్చే జనం.

అక్కడ టల్ మొదట్లో ఫార్వర్డ్‌గానే ఆడాడు. ఒక మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. ఎవరి మీద అనుకుంటున్నారు? బ్రిస్టల్ రోవర్స్ మీద. తిట్టిన బ్రిస్టల్ సిటీ వేరే క్లబ్ అనుకోండి, అయినా ఆ ఊరి పేరు చూసి నాకు సంతోషం వేసింది. ఆ తర్వాత అతను ఫార్వర్డ్ స్థానం వదిలి వెనక్కి జరిగాడు. వింగ్ హాఫ్, అంటే పక్క వైపు ఆడే హాఫ్‌బ్యాక్ అయ్యాడు. అక్కడే కుదురుకున్నాడు.

వింగ్ హాఫ్ పని గురించి ఎవరూ పాటలు కట్టరు. ఎదుటి జట్టు ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌ను తొంభై నిమిషాలూ వెంటాడాలి. వాడి కాళ్ల దగ్గర బంతి లాక్కోవాలి. లాక్కున్నాక గుడ్డిగా తన్నేయకుండా, తన ఫార్వర్డ్‌లలో ఎవడు ఖాళీగా ఉన్నాడో చూసి అందించాలి. వాడు గోల్ కొడితే పేరు వాడికి వస్తుంది. మీకు ఆ లండన్ విలేకరి మాటలు గుర్తున్నాయా? డిఫెండర్ కదిలేదాకా ఆగి, లెక్క చూసి పాస్ ఇవ్వడం. ఆ గుణం ఫార్వర్డ్‌లో ఉంటే అందంగా ఉంటుంది. హాఫ్‌బ్యాక్‌లో ఉంటే జట్టు మొత్తం దాని మీద నిలుస్తుంది. టాటెన్‌హామ్ అతన్ని తప్పు చోట ఆడించిందని నేను అనను. కానీ అతని ఆటకు సరైన చోటు నార్తాంప్టన్‌లోనే దొరికిందని మాత్రం ధైర్యంగా చెబుతాను.

చాప్‌మన్ 1912లో లీడ్స్ సిటీకి వెళ్లిపోయాడు. టల్ ఉండిపోయాడు. మొత్తం నార్తాంప్టన్ మొదటి జట్టుకు 111 మ్యాచ్‌లు ఆడాడు, 9 గోల్స్ కొట్టాడు. ఒకసారి లెక్క చూడండి. అక్టోబరు 1911 నుంచి యుద్ధం దాకా, గాయాలు ఉంటాయి, బురద ఉంటుంది, ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక నోరు ఉంటుంది. సీజన్ తర్వాత సీజన్ జట్టు జాబితాలో అతని పేరు ఉంది. ఆ చెప్పుల ఊరి జనం అతన్ని తమ వాడిగా చేసుకున్నారు. పట్టుబట్టి మళ్లీ మళ్లీ చెబుతున్నానని అనుకోకండి, నాకు టల్ జీవితంలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. తరిమేసిన ఆటలోనే ఇంకో చోట, ఇంకో స్థానంలో నిలబడి, వారం వారం పని చేసి చూపించాడు.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫుట్‌బాల్ లీగులు ఆ సీజన్ ఆపలేదు. దాంతో దేశమంతా యుద్ధానికి పోతుంటే వీళ్లు బంతాట ఆడుతున్నారని పేపర్లు దుమ్మెత్తి పోశాయి. అప్పుడు పుట్టిందే ఫుట్‌బాల్ బెటాలియన్, అంటే మిడిల్‌సెక్స్ రెజిమెంట్ 17వ బెటాలియన్. 1914 డిసెంబరు 15న లండన్ ఫుల్హామ్ టౌన్ హాల్లో సభ పెట్టి ఆటగాళ్లను చేర్చుకున్నారు. అదే నెలలో టల్ కూడా చేరాడు. నార్తాంప్టన్ ఆటగాళ్లలో ముందు చేరింది అతనే.

1915 నవంబరులో ఫ్రాన్స్‌కు వెళ్లారు. అప్పటికే అతను సార్జెంటు హోదాకు ఎదిగాడు. 1916 మేలో మానసికంగా దెబ్బతిని ఆస్పత్రిలో పడ్డాడు. ఫిరంగి మోతలకు, కందకాల్లోని చావులకు మనసు తట్టుకోలేని పరిస్థితి. దాన్ని అప్పట్లో షెల్ షాక్ అనేవారు. టల్‌ను గొప్పగా చెప్పే ప్రసంగాల్లో ఈ సంగతి దాటేస్తుంటారు. దాచాల్సింది ఏముంది ఇందులో? నిబ్బరం అంటే అదురు లేకపోవడం కాదు. కోలుకుని సెప్టెంబరులో మళ్లీ ఫ్రాన్స్ వెళ్లాడు, ఈసారి రెండో ఫుట్‌బాల్ బెటాలియన్ అనే 23వ బెటాలియన్‌కు. ఫ్రాన్స్‌లో సోమ్ నది దగ్గర జరిగిన యుద్ధం చివరి నెలల్లో పాల్గొన్నాడు. డిసెంబరులో మళ్లీ జబ్బుపడి ఇంగ్లండ్ తిరిగి వచ్చాడు.

అప్పుడే పై అధికారులు అతన్ని ఆఫీసరు శిక్షణకు సిఫారసు చేశారు. ఆనాటి సైన్యం మార్గదర్శకాల ప్రకారం ఆఫీసరు కావాలంటే అచ్చమైన యూరోపియన్ సంతతి అయి ఉండాలి. కారణం కూడా దాచుకోలేదు. తెల్ల సిపాయిలు నల్ల ఆఫీసరు ఆజ్ఞ పాటించరని వాళ్ల నమ్మకం. మన దేశంలో ఉన్నదీ అదే సైన్యం కదా, ఇక్కడి లెక్క మీకు తెలుసు. జమేదారు, సుబేదారు దాకా మనవాళ్లను ఎదగనిచ్చారు. కానీ ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్న సుబేదారు కూడా నిన్న గాక మొన్న వచ్చిన తెల్ల కుర్రాడికి సెల్యూట్ కొట్టాల్సిందే. వైద్య విభాగాన్ని పక్కన పెడితే, భారత సైన్యంలో మనవాళ్లకు రాజు పేర కమిషన్, అంటే పూర్తి ఆఫీసరు హోదా, ఇవ్వడానికి ఒప్పుకున్నది 1917 ఆగస్టులో. అదీ కొద్దిమందికే. టల్‌కు కమిషన్ వచ్చింది అదే సంవత్సరం మే 30న. స్కాట్లండ్‌లో గెయిల్స్ అనే చోట, అన్న ఉండే గ్లాస్గోకు దగ్గర్లోనే శిక్షణ పూర్తిచేసి సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు.

రూల్ మారలేదు. రూల్ అక్కడే ఉంది. ఆఫీసర్లు కుప్పలుగా చచ్చిపోతున్నారు, అనుభవం ఉన్న సార్జెంటు కళ్ల ముందు ఉన్నాడు. సంతకం పెట్టే చోట ఉన్నవాళ్లు రూలు పుస్తకం తెరవలేదు, అంతే.

1917 నవంబరులో బెటాలియన్ ఇటలీకి వెళ్లింది. పియావే నది ఒడ్డున కాపలా. అవతలి ఒడ్డు శత్రువుది. 1918 జనవరి ఒకటి రాత్రి ఆ నది దాటి దాడి చేయాలని నిర్ణయించారు. చలికాలం, మంచు కొండల నుంచి వచ్చే నీళ్లు, గట్టి ప్రవాహం. అందరికంటే ముందు నది దాటినవాళ్లలో టల్ ఒకడు. దాడి చేసే వాళ్లకు రక్షణగా 26 మందిని తీసుకుని అవతలికి వెళ్లాడు. పని అయ్యాక, అటు నుంచి కాల్పులు జోరుగా వస్తుంటే, ఆ 26 మందినీ ఒక్కరికీ గాయం కాకుండా వెనక్కి తీసుకొచ్చాడు. డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ సిడ్నీ లాఫర్డ్ అతని ధైర్యాన్ని, నిబ్బరాన్ని మెచ్చుకుంటూ రాతపూర్వకంగా నమోదు చేశాడు. ఇక్కడ నాకు తెలియకుండానే ఆ మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్ గుర్తొస్తుంది. తెల్ల సిపాయిలు మాట వినరన్న భయం ఏమైందో ఆ నది ఒడ్డునే తేలిపోయింది. విన్నారు, వెంట వెళ్లారు, క్షేమంగా తిరిగొచ్చారు.

మార్చి మొదట్లో వాళ్లను ఇటలీ నుంచి మళ్లీ ఫ్రాన్స్‌కు మార్చారు. మార్చి 21న జర్మన్లు పెద్ద ఎత్తున దాడి మొదలుపెట్టారు. బ్రిటిష్ లైన్లు వెనక్కి తగ్గుతున్నాయి. మార్చి 25న ఫవ్రేయ్ అనే పల్లె దగ్గర టల్ తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. ముప్పయ్యో ఏడు నిండటానికి ఇంకా నెల రోజులుంది. అతని సిపాయిలు కొందరు కాల్పుల మధ్యే శవాన్ని తెచ్చుకోవాలని చూశారు. వాళ్లలో లెస్టర్ ఫోస్ క్లబ్ గోల్‌కీపర్ టామ్ బిల్లింగ్‌హామ్ ఒకడు. జర్మన్లు ముందుకు వచ్చేస్తుంటే వదిలేయక తప్పలేదు. సమాధి లేదు. ఫ్రాన్స్‌లోని ఆరాస్ యుద్ధ స్మారకం గోడ మీద పేరు ఉంది.

ఎడ్వర్డ్‌కు తోటి ఆఫీసరు పికార్డ్ రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. బెటాలియన్ అంతా వాల్టర్‌ను ఇష్టపడేవారని, ధైర్యవంతుడు, పనిలో నమ్మకస్తుడని, తన వరకు తాను ఒక స్నేహితుణ్ని పోగొట్టుకున్నానని రాశాడు. అతనికి మిలిటరీ క్రాస్ పతకం కోసం సిఫారసు వెళ్లిందని కూడా అందులోనే ఉంది. ఆ పతకం రాలేదు.

ఆ పతకం ఇప్పుడైనా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లుగా కొందరు పోరాడుతున్నారు. ఫిల్ వసీలి అనే చరిత్రకారుడు ఏళ్ల తరబడి తవ్వి తీయకపోతే టల్ పేరే మనకు తెలిసేది కాదు. నార్తాంప్టన్ క్లబ్ 1999లో తన కొత్త స్టేడియం పక్కన టల్‌కు స్మారకం కట్టింది. 2021లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. పతకం విషయంలో మాత్రం ఒక చిక్కుంది. మరణించిన వారికి మిలిటరీ క్రాస్ ఇచ్చే ఏర్పాటు 1979 దాకా లేనే లేదు. చనిపోయినప్పటి రూల్ ప్రకారం చూస్తే అతనికి అది వచ్చే దారి లేదని ఒక వాదన. అతనికి కమిషన్ ఇచ్చేటప్పుడు పక్కన పెట్టిన రూలు పుస్తకాన్ని పతకం దగ్గర మాత్రం ఎందుకు పట్టుకుంటారని నా ప్రశ్న. ఇవ్వాలనే నేనంటాను.

పిల్లల దగ్గర ప్రశ్నలు ఉన్నట్టున్నాయి. ముందు వాళ్లను అడగనివ్వండి. ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు.